ముఖం పూచీ

ఆ కొండల్లో ముఖం పూచీ పెట్టడమంటే ఆషామాషీ వ్యవహారం కాదు. "ఈ అతిథి నా ముఖం మీద ఉన్నాడు" అని నలుగురిలో ఒక మనిషి అన్నాడంటే, ఆ అతిథి కాలికి ముల్లు గుచ్చుకున్నా అన్నవాడి చెంపలో దిగినట్టే. ఎవరైనా ఆ పూచీని కాదని నడుచుకుంటే పంచాయితీ జరుగుతుంది, పరిహారం పడుతుంది, మనవల కాలం దాకా చెడ్డపేరు మిగులుతుంది. అందుకే తలపండిన పెద్దలు కూడా ఆ మాట అనేముందు ఒక గ్లాసు టీ తాగి, గడ్డం నిమురుకుని, అప్పుడు నోరు విప్పుతారు.

సబ్హా టీ తాగకుండానే అనేసింది.

ఆ సాయంత్రం షేఖ్ రిబై గుడారంలో తెగ మగవాళ్ళంతా చేరారు. మేకవెంట్రుకలతో నేసిన తెరకు ఇవతల ఆడవాళ్ళు కూర్చున్నారు. ఒకప్పుడు విదేశీ ఆడవాళ్ళను బృందాలుగా ఈ కొండల్లో నడవడానికి తీసుకొచ్చే కంపెనీ ఒకటి ఉండేది. ఇదే సినాయ్ ఎడారిలో ఉత్తరాన బాంబులు పేలడం మొదలయ్యాక ఆ కంపెనీవాళ్ళ ప్రభుత్వం హెచ్చరిక జారీ చేసి, పటంలో ఎడారి మొత్తానికీ ఎర్రరంగు పూసింది. ఆ రంగు పడినచోటికి వెళితే బీమా చెల్లదు. బీమా లేనిదే కంపెనీ ఒక్క మనిషిని కూడా కదపదు. బాంబులు పేలినచోటికీ ఈ లోయకూ మధ్య ఒంటె మీద వారం రోజుల దారి ఉంది. రంగు పూసినవాడికి ఆ సంగతితో పనిలేకపోయింది.

తెగలో విదేశీయులకు దారి చూపిన మొదటి ఆడమనిషి సబ్హా. ఆమెను చూసి మరికొందరు కోడళ్ళు, కూతుళ్ళు నేర్చుకున్నారు. రంగు పడ్డాక వాళ్ళంతా మళ్ళీ పూసలు గుచ్చుకుంటూ కూర్చున్నారు. ఆ పూసలు కొనేవాళ్ళూ లేరు. సముద్ర తీరంలో హోటల్ గదులు ఊడ్చే పని ఉంది, మొగుడూ పెళ్ళాలిద్దరూ రండని సబ్హా మరిది కబురు మీద కబురు పంపుతున్నాడు. ఆమె భర్త ముసల్లం మనసులో అప్పుడే సగం మూట కట్టేశాడు.

ఇప్పుడు ఆ కంపెనీ ఒక ఆడమనిషిని పంపుతోంది. ఆమె ఈ దారిన నడిచి చూస్తుంది. ఆమె సరేనంటే, ఎర్రరంగు ఉన్నా సరే వేరే రకం బీమా తీసుకుని బృందాలను పంపుతారు. కాదంటే ఆడవాళ్ళ దారి మూతపడ్డట్టే.

"వచ్చే మనిషి ఎవరి ముఖం మీద వస్తోంది?" అని అడిగాడు షేఖ్.

సబ్హా బాబాయి ఔదా గొంతు సవరించుకున్నాడు. ఆ గౌరవం తనదేనని అతనికి ముందునుంచీ నమ్మకం. అతని నోట్లోంచి మాట ఊడిపడేలోపే తెర ఇవతలినుంచి వినిపించింది.

"నా ముఖం మీద."

"ఎవరది?"

"నేనే. ఉమ్ ఈద్‌ని, ఈద్ వాళ్ళమ్మని."

ఔదా నవ్వాడు. "తల్లీ, ఇది రొట్టెల పిండి పిసకడం అనుకున్నావా?"

"పిండి పిసకడం నీకొచ్చా బాబాయ్? రాని పని గురించి తేలిగ్గా మాట్లాడకు."

తెరకు రెండు వైపులా నవ్వులు లేచాయి. షేఖ్ మాత్రం నవ్వలేదు. "నడిచేది ఆడవాళ్ళు. దారి చూపేది ఈమె. మగవాడెవడూ ఆ దరిదాపులకి పోకూడదని కట్టడి పెట్టింది మనమే. దగ్గర లేనివాడి ముఖం పూచీ పెట్టి ఏం లాభం? ఈమె ముఖమే కానివ్వండి. కాదనేవాళ్ళుంటే ఇప్పుడే అనండి."

ఎవరూ ఏమీ అనలేదు. ఔదా గడ్డం నిమురుకుంటూ ఊరుకున్నాడు.

వచ్చినామె పేరు మొరాగ్. స్కాట్లండ్ మనిషి. కైరోలో చాలాకాలం ఉద్యోగం చేసిందట. ఆమె అరబ్బీ అచ్చం టీవీ నాటకాల్లో డాక్టరమ్మ మాట్లాడినట్టు ఉండేది. మొదట్లో సబ్హాకు నవ్వు ఆగలేదు. చెక్‌పోస్టు దగ్గర అధికారి ఇద్దరినీ ఎగాదిగా చూశాడు.

"మీ వెంట మగాడెవడమ్మా?"

"మగాడా? ఇంట్లో మేకలకి నీళ్ళు పెడుతున్నాడు. పిలిపించమంటారా? మేకలు మాత్రం మిమ్మల్ని తిట్టుకుంటాయి."

అధికారి చెయ్యి ఊపి పొమ్మన్నాడు. మొరాగ్ నవ్వింది కానీ, నడుస్తూ అడగాల్సినవన్నీ ఒక్కటీ వదలకుండా అడిగింది. ఎవరికైనా కాలు విరిగితే ఏం చేస్తారు? ఫోను ఎక్కడ పలుకుతుంది? వాన వస్తే ఏ వాగు ముందు పొంగుతుంది? ఆమె ప్రశ్నలు సబ్హాకు నచ్చాయి. బియ్యంలో రాళ్ళు ఏరేటప్పుడు కబుర్లలో పడని మనిషిలా ఉంది. తెలిసినవి చెప్పింది, తెలియనివి తెలియవంది.

"దారిలో ఇంకెవరైనా ఉంటారా? మగవాళ్ళు?"

"ఉండరు. మగవాడి నీడ కూడా పడదు. అందుకే చూడు, నేను ముసుగు తీసేశాను."

సామాను మోసే ఆడ ఒంటె ముందు, వాళ్ళిద్దరూ వెనకగా నడిచారు. సాయంత్రం సబ్హా నిప్పుల మీది బూడిద పక్కకు నెట్టి, పిండిని వెడల్పుగా పరిచి, మళ్ళీ బూడిద కప్పింది. కాలాక రొట్టెను తీసి దులిపి, మొరాగ్ చేతిలో సగం పెట్టింది. "పళ్ళకింద కరకరమంటే బూడిదే, భయపడకు. మా పిల్లలు దాంతోనే పెరిగారు." మర్నాడు పొద్దున్న రాతి మడుగు దగ్గర మొరాగ్ కాళ్ళూ చేతులూ కడుక్కుని, జుట్టు తడుపుకుని, చిన్నపిల్లలా ఆనందపడింది. అంతా సాఫీగా పోతోందని సబ్హా అనుకుంది. తీరానికి వెళ్ళే మూటను ముసల్లం చేత ఎలా విప్పించాలో కూడా ఆలోచించి పెట్టుకుంది.

మధ్యాహ్నం ఒక బండ నీడలో కూర్చున్నారు. మొరాగ్ దుర్భిణి కళ్ళకు పెట్టుకుని ఎదుటి కొండ అంచును చాలాసేపు చూసింది. తరవాత దాన్ని దించి మెల్లగా మాట్లాడింది.

"ఉమ్ ఈద్, అక్కడ ఇద్దరు మగవాళ్ళున్నారు."

"మేకలేమో."

"మేకలు తలపాగా చుట్టుకోవు. నిన్న సాయంత్రం కూడా ఉన్నారు. మీవాళ్ళేనేమో, తరవాత చెబుతావులే అనుకున్నాను. నువ్వేమో ఎవరూ ఉండరన్నావు." ఆమె గొంతులో కోపం లేదు. అదే సబ్హాను ఎక్కువ భయపెట్టింది. "ఒకడి చేతిలో పొడుగ్గా ఏదో ఉంది. తెలియని మనుషులు వెంటపడుతున్నారంటే నేను నడక ఆపెయ్యాలి. అది నా ఇష్టంతో పనిలేని నియమం. ఇక్కణ్ణించి రోడ్డుకి ఎంత దూరం?"

సబ్హా దుర్భిణి తీసుకుంది. ముందు రాళ్ళే కనిపించాయి. తరవాత రెండు వీపులు కనిపించాయి.

"ఇంకో వింత చూశావా? ఎప్పుడు చూసినా వీపులే కనిపిస్తున్నాయి. మనవైపు ఒక్కసారి కూడా తిరగలేదు. నా ఉద్యోగంలో ఇలాంటిది ఎక్కడా చూడలేదు" అంది మొరాగ్.

సబ్హాకు విషయం అంతా ఒక్కసారిగా అర్థమైంది. ఒక వీపు పక్కన కాలొకటి బారుగా చాపి ఉంది. ఒంటె మీదనుంచి పడినప్పటినుంచీ ఔదా బాబాయి మోకాలు మడతపడదు. రెండో వీపు మీద ఉన్న గోధుమరంగు కోటుకు కాలరు దగ్గర మాసిక తనే వేసింది.

మేకల కాపర్లని ఒక్క మాట అంటే సరిపోయేది. మొరాగ్ నమ్మేది కూడా. నోటిదాకా వచ్చిన ఆ మాటను సబ్హా మింగేసింది. పూచీ పెట్టిన నోటితో అబద్ధం ఆడితే ఆ పూచీ ఏపాటిదని తరవాత తనను తానే అడుక్కోవాల్సి వస్తుంది.

"వాళ్ళు పరాయివాళ్ళు కాదు. ఒకడు మా బాబాయి. రెండోవాడు నా మొగుడు," అంది. "నాకు తెలియకుండా వచ్చారు. నువ్వు ఇక్కడే కూర్చో. కాదు, నువ్వూ రా. నీ ముందే తేలాలి."

కొండ కింద నిలబడి ఆమె పిలిచిన పిలుపు నాలుగు లోయలు తిరిగి వచ్చింది.

"ఔదా బాబాయ్! కిందికి దిగు!"

రెండు వీపులూ చటుక్కున బండ వెనక్కి పోయాయి.

"దాక్కుంది చాల్లే! మీ టీ పొగ కనిపిస్తోంది! ముసల్లం, నువ్వు కూడా! మేకలకి నీళ్ళెవరు పెడుతున్నారు?"

కాసేపటికి ఇద్దరూ దిగివచ్చారు. ఔదా కుంటుకుంటూ ముందు, ముసల్లం టీ కెటిల్ పట్టుకుని వెనక. మొరాగ్ తుపాకీ అనుకున్నది ఔదా ఒంటె కర్ర. ఇద్దరూ మొరాగ్ వైపు చూడకుండా నేలకు సలాం చెప్పారు.

"ఏం పని మీకిక్కడ?"

"కాపలా తల్లీ," అన్నాడు ఔదా. "రోజులు బాగాలేవు. పరాయి దేశపు మనిషి. నీకేదైనా అయితే..."

"నాకా, ఆమెకా?"

"ఇద్దరికీ అనుకో. మేమేం తప్పు చెయ్యలేదు. ఆడవాళ్ళు ముసుగులు తీసి తిరిగే చోటు కదా, మర్యాద తెలిసినవాళ్ళం. రెండు రోజులుగా అటు తిరిగే కూర్చున్నాం. కావాలంటే మీ ఆయన్నడుగు."

"అటు తిరిగి కూర్చుని కాపలా ఏం కాశారు బాబాయ్? గద్దలకా?"

ముసల్లం నోట్లో చిన్న నవ్వు పుట్టి, భార్య కళ్ళు చూసి అక్కడే చచ్చిపోయింది. మొరాగ్ మాత్రం ఆపుకోలేక, దగ్గు వచ్చినట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నువ్వెందుకొచ్చావు?" అని సబ్హా భర్తను అడిగింది.

"బాబాయి రమ్మన్నాడు. నువ్వు పోతే ఇల్లెట్లా అన్నాడు." అతను కెటిల్‌ను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "నిద్ర పట్టలేదే. నిజం చెబుతున్నా."

ఆ మాటకు సబ్హా మనసు కొంచెం మెత్తబడింది కానీ ముఖంలో కనిపించనివ్వలేదు. "నిద్ర పట్టకపోతే నాతో చెప్పాల్సింది. ఈమెను నా ముఖం మీద తీసుకొచ్చాను. దాని మీద మీ ముఖం ఇంకోటి తెచ్చి కప్పారు. నా పూచీ కాగితం పులి అని ఊరందరికీ చాటినట్టే కదా? ఇదే షేఖ్ పూచీ అయితే ఇట్లా కొండెక్కి కూర్చునేవాడివా బాబాయ్?"

ఔదా కర్రతో ఇసుకలో గీతలు గీశాడు.

మొరాగ్ కల్పించుకుంది. "ఉమ్ ఈద్, వీళ్ళు మంచివాళ్ళేనని అర్థమైంది. అయినా చెప్పకుండా ఇద్దరు మగవాళ్ళు మనల్ని అనుసరించారని నేను పైవాళ్ళకి చెప్పక తప్పదు. అది విన్నాక వాళ్ళు ఒప్పుకుంటారని నేను అనుకోను."

"చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. కానీ నడక ఆపేసి వెళ్ళిపోకు. రేపు పొద్దున్న షేఖ్ దగ్గర దీని సంగతి తేలుతుంది. అది కూడా చూసి, రెండూ కలిపి చెప్పు. సగం వంట చూసి రుచి చెప్పకూడదు చెల్లీ."

మొరాగ్ ఆమె ముఖంలోకి చూసి, సరేనంది.

మర్నాడు పొద్దున్న షేఖ్ గుడారంలో ఈగ దూరే సందు లేదు. ఆడవాళ్ళ వైపు మొరాగ్‌ను మధ్యలో కూర్చోబెట్టి, ఆమె ఒళ్ళో ఎవరిదో పసిపాపను కూడా పడేశారు. సబ్హా ఫిర్యాదు చెప్పింది. రెండు మాటల్లో ముగించింది. ఔదా మాత్రం తాతల కాలంనుంచి మొదలుపెట్టాడు. కాపలా కాయడం మగవాడి ధర్మమన్నాడు. రక్తసంబంధం అన్నాడు. చివరికి అసలు మాట బయటపెట్టాడు.

"మగవాడి ముఖం పూచీని కాదని నడుచుకుంటే పరిహారం ఎంతో మన అందరికీ తెలుసు. ఆడదాని ముఖానికి లెక్క ఎక్కడుంది? ముసుగులో ఉండే ముఖాన్ని ఎవరు చూశారు, ఎవరు వెల కట్టారు?"

"నీ ముఖం రోజూ చూస్తూనే ఉన్నాం కదా బాబాయ్," అని తెర ఇవతలినుంచి జవాబు వచ్చింది. "దాన్ని ఎవరు వెలకట్టారో చెప్పు."

ఈసారి నవ్వులు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఔదా తమ్ముళ్ళు కూడా నవ్వారు. షేఖ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఔదా, ఆ రోజు ఆమె పూచీ పెట్టినప్పుడు నువ్వు ఇక్కడే ఉన్నావు. కాదనేవాళ్ళుంటే అనమన్నాను. అన్నావా?"

"లేదు."

"చెల్లదనుకుంటే అప్పుడే చెప్పాలి. అప్పుడు ఊరుకుని ఇప్పుడు లెక్క అడిగితే ఎట్లా? చెల్లుతుందని నీ నోరు మూసుకోవడమే చెప్పింది. అందుకని మగవాడి ముఖానికి ఏ లెక్కో దీనికీ అదే. రెండు ఒంటెలు. ఆమె పరువు తెల్లగా నిలిచిందని ఆమె ఇంటి మీద తెల్లజెండా. మూడు బావుల దగ్గర నీ నోటితో ఆమె పేరు చెప్పి తప్పు ఒప్పుకోవాలి. ముసల్లం, నువ్వు బాబాయి మాట విన్నవాడివి. జెండా కర్ర నువ్వు పాతు."

ఔదాకు ఉన్నవే రెండు ఒంటెలు. ఔదా భార్య సబ్హాకు రెండడుగుల దూరంలోనే కూర్చుని ఉంది. ఆమె కొంగు కొస వేలికి చుట్టుకుంటూ నేల చూస్తోంది.

తీర్పు పొందినవాళ్ళు అందులో కొంత వదులుకోవడం ఆ తెగ మర్యాద. ఎంత వదులుతారన్నది మాత్రం వాళ్ళ ఇష్టం. సబ్హా లేచి నిలబడింది.

"దేవుడి పేరు మీద ఒక ఒంటె వదిలేశాను."

"నిన్ను దీవిస్తాడు," అన్నారు మగవాళ్ళంతా.

"ఇక్కడ కూర్చున్నవాళ్ళ గౌరవానికి రెండో ఒంటె కూడా వదిలేశాను."

"నిన్ను దీవిస్తాడు."

ఔదా ఆశగా తలెత్తాడు. మిగతావి కూడా పోతాయనుకున్నట్టున్నాడు.

"జెండా వదలను. బావుల దగ్గర మాటా వదలను. ఒంటెల్లేకపోతే మా పిన్ని నీళ్ళు మోసుకోవాలి. జెండా ఎగిరితే ఎవరి నడుమూ నొప్పెట్టదు."

మధ్యాహ్నానికి సబ్హా గుడారం మీద తెల్లగుడ్డ ఎగిరింది. ముసల్లం గుంత లోతుగా తవ్వాడు, గాలికి పడకూడదని రాళ్ళు కూడా పేర్చాడు. ఔదా మొదటి బావి దగ్గర నిలబడి, నీళ్ళ కోసం వచ్చినవాళ్ళందరి ముందూ అరిచాడు. "దేవుడు సబ్హా ముఖం తెల్లగా ఉంచుగాక! ఆమె పూచీని నేను కాదని నడుచుకున్నాను, తప్పు నాది!"

"బాబాయ్, ఒంటెలకి వినపడింది గానీ మాకు వినపడలేదు" అంది సబ్హా మరదలొకతె. పాపం ఔదా మళ్ళీ అరిచాడు. రెండోసారి అతని గొంతులో బింకం తగ్గింది. ఆ పక్కనే ఉన్న ముసలివాడొకడు లేచి వచ్చి అతని భుజం తట్టాడు. తప్పు ఒప్పుకున్నవాణ్ణి అక్కడ ఎవరూ చిన్నచూపు చూడరు.

మొరాగ్ ఇదంతా చూసింది. మిగిలిన ఒక్కరోజు నడక పూర్తి చేద్దామని తనే అడిగింది. నడిచారు. ఆరోజు కొండలమీద రాళ్ళూ గద్దలే ఉన్నాయి. చివరి కనుమ దిగుతుండగా ఆమె నోరు విప్పింది.

"ఎక్కడికి పోయినా నాకు భద్రత ఉందనే చెబుతారు. తుపాకులు చూపిస్తారు, గోడలు చూపిస్తారు. ఏదైనా తేడా వస్తే దాస్తారు. మీరు నిన్న తప్పు జరిగిందని ఊరంతా కూర్చుని, నా ముందే అరిచి చెప్పారు. మా వాళ్ళకి ఇది ఎలా వివరించాలో ఇంకా తెలియడం లేదు. కానీ వివరిస్తాను. ఒప్పిస్తాను కూడా."

"పటం మీద రంగో?"

"అది మా ప్రభుత్వం చేతిలో ఉంది. వాళ్ళు మార్చరు. ఉత్తరాన అంతా సద్దుమణిగేదాకా అంతే."

"ఉండనీ. ఉత్తరాన జరిగేది అబద్ధమని నేనెప్పుడూ అనలేదు. అక్కడి తల్లులకి అది నిజమే. ఇక్కడ ఏది నిజమో నువ్వు చూశావు. చాలు."

"బాధ్యత వహించే మనిషిగా ఒకే ఒక్క పేరు ఇవ్వాలి. నీ పేరే ఇస్తున్నాను. మగవాళ్ళు ఎవరైనా వెంట రావాల్సివస్తే అది నువ్వే చెప్పాలి, ముందే చెప్పాలి."

"అట్లాగే."

రోడ్డు దగ్గర జీపు ఎదురుచూస్తోంది. మొరాగ్ సంచి లోపల పడేసి వెనక్కి తిరిగింది. "ఖర్జూరాలు కోసే కాలానికి మొదటి బృందం వస్తుంది. పన్నెండుమంది ఆడవాళ్ళు."

సబ్హా అప్పటికే ముసుగు పైకి లాక్కుంది, డ్రైవరు ఉన్నాడని. మనసులో మడుగులూ ఊటలూ ఒకదాని తరవాత ఒకటి లెక్క చూసుకుంది.

"ఎనిమిది," అంది.

"పన్నెండుమంది వస్తే కంపెనీకి గిట్టుబాటు అవుతుంది, ఉమ్ ఈద్."

"ఆ కాలంలో పై ఊట ఎనిమిదిమందికే సరిపోతుంది. దాహం వేసిన అతిథి నా ముఖం మీద ఉండకూడదు. మిగతా నలుగురినీ తరవాతి బృందంలో పంపు. మా పిన్ని కూతురు తీసుకొస్తుంది. దారి నాకన్నా బాగా తెలుసు దానికి. కాకపోతే వాగుడు ఎక్కువ."

మొరాగ్ చెయ్యి చాపింది. "ఎనిమిది."

జీపు దుమ్ము లేపుకుంటూ పోయింది. సబ్హా ఆ దుమ్ము తగ్గేదాకా కూడా నిలబడలేదు. వాగుడుకాయను ఎక్కడ పట్టుకోవాలో ఆలోచించుకుంటూ, ఒంటె తాడు అందుకుని కనుమ ఎక్కడం మొదలుపెట్టింది.